పాత కారు డ్రమ్ బ్రేకులు సొంతంగా బాగుచేసుకోవడం: పెడల్ నుంచి చక్రం దాకా

పెడల్ మెత్తగా ఉందంటే చాలు, చేయి ముందు బ్లీడర్ నిపుల్ (చక్రం దగ్గర లైనులోని గాలిని బయటికి వదిలే చిన్న మర) మీదకే పోతుంది. నేనూ అదే చేశాను. ఒక సాయంత్రమంతా ఎయిర్ తీస్తూ కూర్చుని, లీటరు బ్రేక్ ఆయిల్ వృథా చేశాను. పెడల్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. మర్నాడు తేలిందేమిటంటే లైనులో గాలి లేనే లేదు. వెనక చక్రాల్లో షూలు (లైనింగ్ తొడిగి, డ్రమ్‌ని లోపలి నుంచి ఒత్తే వంపు ముక్కలు) అరిగి డ్రమ్‌కి బాగా దూరం జరిగాయి. రెండు వైపులా షూలను డ్రమ్‌కి దగ్గర చేసే అడ్జస్టర్ బిగించేసరికి పెడల్ పైకొచ్చేసింది. ఐదు నిమిషాల పని!

అందుకే ఈ మార్గదర్శిలో ఎయిర్ తీయడం దాదాపు చివర్న వస్తుంది. ముందు జబ్బు ఏమిటో తెలియాలి, తర్వాత విప్పాలి, ఆ తర్వాత బిగించి అడ్జస్ట్ చేయాలి. గాలి సంగతి అప్పుడు.

ఇక్కడ చెప్పేది హైడ్రాలిక్ డ్రమ్ బ్రేకులున్న కార్ల గురించి. నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులతో 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు వచ్చింది గానీ, ఫోర్డ్ 1939 మోడళ్లు వచ్చేదాకా మెకానికల్ బ్రేకులతోనే నెట్టుకొచ్చింది. మీ కారు అలాంటి రాడ్లు, కేబుళ్ల బాపతు అయితే షూలు, డ్రమ్ముల భాగం మాత్రం చదువుకోండి.

ఒక్క విషయం మొదటే చెప్పాలి. 1960ల దాకా వచ్చిన చాలా కార్లలో మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ద్రవాన్ని పైపుల్లోకి నెట్టేది) ఒకటే సర్క్యూట్. ఏ మూల ఒక్క రబ్బరు చిరిగినా, ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఇక మిగిలేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. కాబట్టి కారుతున్న ఒక్క వీల్ సిలిండర్‌ని (చక్రంలో షూలను డ్రమ్ వైపు నెట్టేది) మార్చి సరిపెట్టుకోకండి. అది కారిందంటే మిగతా మూడు చక్రాల్లోని రబ్బర్ల వయసూ అంతే. పని అయ్యాక, రోడ్డెక్కే ముందు అనుభవమున్న మెకానిక్‌కి ఒకసారి చూపించండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

పెడల్ ఏం చెబుతోంది?

కారు నిలిపి ఉంచి పెడల్ తొక్కండి. మొదటి తొక్కుకి బాగా కిందకి పోయి, వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే పైకొచ్చి రాయిలా గట్టిపడితే, షూలకీ డ్రమ్‌కీ మధ్య దూరం పెరిగిందని అర్థం. పైకొచ్చినా కాలి కింద స్పాంజ్‌లా ఒత్తుకుంటుంటే లైనులో గాలి ఉంది, లేదా పాత రబ్బరు హోస్ పైపు ఉబ్బుతోంది.

గట్టిగా తొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి. పెడల్ మెల్లగా కిందకి జారుతోందంటే ఎక్కడో కారుతోంది. చక్రాల దగ్గర, పైపుల జాయింట్ల దగ్గర, పెడల్ వెనక ఎక్కడా తడి కనబడకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు ద్రవాన్ని వెనక్కి వదిలేస్తోంది. ఇది కంటికి కనబడని లీకు. రిజర్వాయర్‌లో మట్టం తగ్గదు కాబట్టి చాలామంది దీన్ని పట్టుకోలేరు.

బ్రేక్ వేసినప్పుడు కారు కుడికి లాగుతోందంటే సాధారణంగా తప్పు ఎడమ వైపుది. కుడి చక్రం తన పని చేస్తోంది, ఎడమది చేయడం లేదు. పెడల్ కాలి కింద అదిరితే డ్రమ్ గుండ్రతనం పోయింది.

పెడల్ వదిలినా ఒక చక్రం బిగుసుకుపోయి ఉంటే, దాని బ్లీడర్ నిపుల్ కొద్దిగా వదులు చేయండి. చుక్కలు చిమ్మి చక్రం వదులైతే లోపల ప్రెషర్ ఇరుక్కుంది, హోస్ పైపుని అనుమానించండి. నిపుల్ తెరిచినా చక్రం తిరగకపోతే పిస్టన్ పట్టేసిందో, స్ప్రింగ్ సాగిందో, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఇరుక్కుందో చూడాలి. నాలుగు చక్రాలూ పట్టేస్తే తప్పు మాస్టర్ సిలిండర్ దగ్గరే.

దుమ్ము, ద్రవం

పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. మీ కారు షూలు ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఉందనే అనుకోండి. డ్రమ్‌లోని నల్లటి దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదకండి, పొడి బ్రష్‌తో దులపకండి, నోటితో అసలు ఊదొద్దు. నీళ్లు స్ప్రే చేసి బాగా తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పారేయండి. సన్నటి పొడిని ఆపే మాస్క్ పెట్టుకోండి. మామూలు గుడ్డ మాస్క్ దీనికి చాలదు.

బ్రేక్ ఆయిల్ అని పిలుస్తాం గానీ అది నూనె కాదు. డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ఆధారంగా తయారైన ద్రవాలు. ఇవి గాలిలోని తేమని పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 మరగాలంటే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ కావాలి. తేమ పట్టాక ఆ కనీస హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. దిగుడు రోడ్డులో బ్రేకులు వేడెక్కి ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ ఒక్కసారిగా కిందకి పోతుంది. అందుకే ఎప్పుడో మూత తీసిన డబ్బాలో మిగిలింది వాడొద్దు.

డాట్ 5 సిలికాన్ ద్రవం. అంకె దగ్గరగా ఉంది కదా అని దాన్ని డాట్ 4తో కలపకూడదు. పెట్రోలు, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ బ్రేక్ రబ్బర్లకి విషం. ఒక్క చెంచాడు పడినా కప్పులు ఉబ్బి మొత్తం సిస్టమ్ పాడవుతుంది. సిట్రోయెన్ డీఎస్ లాంటి కొన్ని కార్లది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. వాటిలో తర్వాత వచ్చిన మోడళ్లకి ఆకుపచ్చ మినరల్ ద్రవమే పోయాలి, డాట్ రకాలు పోస్తే అక్కడి రబ్బర్లు పోతాయి. రిజర్వాయర్ మూత మీద ఏం రాసుందో చదివాకే పోయండి.

గ్లైకాల్ ద్రవం పెయింట్‌ని తినేస్తుంది. మడ్‌గార్డ్ మీద పడితే తుడవకండి, వెంటనే నీళ్లు గుమ్మరించండి. నీళ్లలో తేలిగ్గా కరిగిపోతుంది.

డ్రమ్ ఊడదీయడం

చదునైన నేల మీద, ఎత్తని చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి. కొన్ని పాత కార్లలో ఎడమ వైపు నట్లకి మర తిరగేసి ఉంటుంది. స్టడ్ చివర ఎల్ అక్షరం కనబడితే అదే గుర్తు. అది చూసుకోకుండా గొట్టం తొడిగి బలం చూపిస్తే స్టడ్ విరుగుతుంది. జాకీతో లేపాక స్టాండ్ల మీద దించండి. జాకీ లేపడానికే, నిలబెట్టడానికి కాదు.

వెనక డ్రమ్ అయితే హ్యాండ్‌బ్రేక్ దించండి, అడ్జస్టర్‌ని పూర్తిగా వదులు చేయండి. అరిగిన డ్రమ్ అంచున గట్టులా ఏర్పడి షూలు దాని వెనక ఇరుక్కుంటాయి. వదులు చేయకుండా లాగితే స్ప్రింగులు వంగుతాయి. డ్రమ్‌ని పట్టుకున్న చిన్న స్క్రూలు తుప్పుతో బిగుసుకుని ఉంటే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ వాడండి. చాలా డ్రమ్ములకి రెండు ఖాళీ మర రంధ్రాలు ఉంటాయి. వాటిలో సరిపోయే బోల్టులు పెట్టి, కాసేపు ఒకటి కాసేపు ఇంకొకటి బిగిస్తూ పోతే డ్రమ్ తనంతట తనే బయటికి వస్తుంది. కొట్టాల్సి వస్తే స్టడ్ల మధ్య చదును భాగం మీద కొట్టండి. అంచు మీద కొడితే పోత ఇనుము పగులుతుంది.

కొన్ని కార్లలో వెనక డ్రమ్, హబ్ ఒకటే ముక్క, చివర సన్నబడే యాక్సిల్ మీద బిగించి ఉంటుంది. దానికి పుల్లర్ తప్పదు. యాక్సిల్ నట్‌ని పూర్తిగా తీయకుండా కొన్ని మరల మీద ఉంచే లాగండి. ఊడినప్పుడు ఆ డ్రమ్ తుపాకీ గుండులా వస్తుంది.

ఒకసారి ఒక వైపే విప్పండి. ఫోటోలు తీసుకోవడం మంచిదే, కానీ ఏ స్ప్రింగ్ ఏ రంధ్రంలో ఉందో ఫోటోలో తెలియనప్పుడు రెండో చక్రం విప్పకుండా ఉండటమే అసలైన ఆధారం.

లోపల ఏం చూడాలి?

వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచు కొద్దిగా ఎత్తండి. లోపల ద్రవం కారితే సిలిండర్ పోయింది. వెనక చక్రంలో తడి కనిపిస్తే అది బ్రేక్ ఆయిలా, యాక్సిల్ సీల్ దాటి వచ్చిన గేర్ ఆయిలా తేల్చుకోవాలి. గేర్ ఆయిల్ చిక్కగా, గంధకం వాసనతో ఉంటుంది, నీళ్లకి పోదు. అది గేర్ ఆయిలే అయితే ముందు ఆ సీల్ మార్చండి, లేకపోతే కొత్త షూలు కూడా వారంలో నానిపోతాయి.

నానిన లైనింగ్‌ని పెట్రోల్ పోసి కాల్చి మళ్లీ వాడేవాళ్లున్నారు. పైకి ఆరినట్టే ఉంటుంది, బ్రేక్ వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. తీసి పారేయండి. మార్చేటప్పుడు అదే యాక్సిల్ మీది రెండు వైపులా కలిపి మార్చాలి. రివెట్లున్న లైనింగ్ అయితే రివెట్ తల మీద ఎంత మందం మిగిలిందో కొలవాలి, మొత్తం మందం కాదు. మాన్యువల్‌లో వేరే అంకె లేకపోతే ఒక మిల్లీమీటరు దగ్గరికి వచ్చాక ఆలోచించడానికి ఏమీ లేదు.

డ్రమ్‌ని తాడుకి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. గంటలా మోగితే మంచిది. మొద్దుగా పలికితే ఎక్కడో పగులుంది. లోపలి ముఖం మీద గోరు నడపండి. గోరు తగులుకునేంత గాడులుంటే లేత్ మీద తిప్పించాలి. ఎంతవరకు తిప్పించవచ్చో గరిష్ఠ వ్యాసంగా చాలా డ్రమ్ముల మీద పోతపోసి ఉంటుంది, లేకపోతే మాన్యువల్‌లో ఉంటుంది. ఆ హద్దు దాటితే డ్రమ్ పల్చబడి, వేడికి సాగి, పగిలే ప్రమాదం ఉంది. ఒక వైపు తిప్పిస్తే రెండో వైపు కూడా అంతే కొలతకి తిప్పించండి.

వీల్ సిలిండర్

పిస్టన్లు చేత్తో రాకపోతే, గ్రీజు గన్‌ని నిపుల్ రంధ్రానికి తగిలించి మెల్లగా నెట్టవచ్చు. తర్వాత ఆ గ్రీజు ఆనవాలు లేకుండా స్పిరిట్‌తో కడగాలి. బోర్ (పిస్టన్ నడిచే రంధ్రం) లోపల నున్నగా, కొద్దిపాటి మరకలతో ఉంటే హోన్ (ఆ గోడని రుద్ది నున్నగా చేసే పనిముట్టు) తేలిగ్గా తిప్పి రబ్బర్ల కిట్ వేసుకోవచ్చు. గుంటలు పడి ఉంటే కిట్ దండగ. కొత్త రబ్బరు ఆ గుంటల అంచుల మీద నడిచి కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. కొత్త సిలిండర్ వేయాలి, దొరకని మోడలైతే స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ వేయించాలి.

కొలత చూసుకోండి. ముందు, వెనక సిలిండర్ల బోర్లు చాలా కార్లలో వేరు. ఏ చక్రం ఎంత గట్టిగా పట్టాలన్నది ఆ కొలతే నిర్ణయిస్తుంది. దొరికింది కదా అని పెద్దది వెనక వేస్తే, తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే లాక్ అయి కారు గిరగిరా తిరుగుతుంది.

రబ్బర్లు వేసేముందు కొత్త బ్రేక్ ఆయిల్‌తో గానీ, బ్రేక్ రబ్బర్ల కోసమే చేసిన ఎర్ర గ్రీజుతో గానీ తడపండి. కప్పు పెదవి ద్రవం వైపు ఉండాలి.

పైపులు, హోసులు

హోస్ పైపు పైకి నిగనిగలాడుతూ ఉన్నా లోపల గోడ ఉబ్బి మూసుకుపోతుంది. పెడల్ బలానికి ద్రవం లోపలికి వెళ్తుంది, షూ స్ప్రింగుల బలానికి వెనక్కి రాదు. ఎప్పటివో తెలియని హోసులు చూడకుండానే మార్చేయడం నా పద్ధతి. బిగించాక స్టీరింగ్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి, హోస్ దేనికీ రాసుకోకుండా, మెలి పడకుండా ఉందో చూడండి.

పైపు నట్లకి మామూలు స్పానర్ వాడితే మూలలు పోతాయి. నట్‌ని దాదాపు చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ స్పానర్ కొనుక్కోండి, ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. ఉక్కు పైపు మీద తుప్పు గుంటలు కనిపిస్తే రాగి నికెల్ మిశ్రమ పైపు వేసుకోండి. వంచడం తేలిక, తుప్పు పట్టదు. కొత్త పైపు చివర ఫ్లేర్ (విప్పారిన అంచు) ఆకారం పాతదానిలాగే ఉండాలి. డబుల్ ఫ్లేర్ కూర్చునే చోట బబుల్ ఫ్లేర్ కూర్చోదు. మర దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల నట్టుకీ, 10 మిల్లీమీటర్ల నట్టుకీ తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఒకదాంట్లో ఇంకొకటి కొంత దూరం ఎక్కినట్టే ఎక్కుతుంది. వేళ్లతో నాలుగైదు చుట్లు హాయిగా తిరగకపోతే ఆగిపోండి.

మాస్టర్ సిలిండర్

బోర్ విషయంలో వీల్ సిలిండర్‌కి చెప్పిందే దీనికీ. కొత్తగా తెలుసుకోవలసింది పుష్ రాడ్ (పెడల్ నుంచి పిస్టన్‌ని నెట్టే కడ్డీ) ఖాళీ. పెడల్ పూర్తిగా వదిలినప్పుడు పుష్ రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఒక మిల్లీమీటరు దాకా సందు ఉండాలి. లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రిజర్వాయర్‌లోకి తెరుచుకునే సన్న రంధ్రం మూతపడే ఉంటుంది. వేడికి వ్యాకోచించిన ద్రవానికి పోయే దారి లేక, నడిచేకొద్దీ బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. కారు చల్లారాక మామూలుగా నడుస్తుంది కాబట్టి ఈ తప్పు మనిషిని చాలా తిప్పలు పెడుతుంది.

కారులో బిగించే ముందు బెంచి మీదే ద్రవం పోసి, రాడ్‌ని మెల్లగా నొక్కుతూ బుడగలు ఆగేదాకా ఎయిర్ తీసేయండి.

షూలు బిగించడం

షూల వెనక ఉండే పళ్లెం (బ్యాక్ ప్లేట్) మీద షూ అంచులు జారే ఆరు చోట్ల శుభ్రం చేసి, వేడికి కరగని గ్రీజు పలచగా రాయండి. అక్కడ గాడి పడి ఉంటే షూ అందులో ఇరుక్కుంటుంది, వెల్డింగ్ చేసి చదును చేయించాలి. ఇక్కడే ఒక హెచ్చరిక: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ తడి మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

లైనింగ్‌కి టేపు అతికించుకుంటే చేతి గ్రీజు అంటదు. రెండు షూలలో లైనింగ్ పొడవు తేడాగా ఉండే డ్యూయో సర్వో రకంలో పొట్టిది కారు ముందు వైపుకి ఉండాలి. ముందు చక్రంలో రెండు సిలిండర్లుండే రకంలో ఎడమ కుడి సిలిండర్లు తారుమారైతే రెండు షూలూ డ్రమ్ తిరిగే దిశకి ఎదురు పడతాయి. అప్పుడు ఎంత తొక్కినా కారు ఆగనంటుంది, ఎయిర్ ఎంత తీసినా లాభం ఉండదు. స్ప్రింగులు తగిలించేటప్పుడు కంటి రక్షణకి కళ్లద్దాలు పెట్టుకోండి.

ముందు అడ్జస్ట్‌మెంట్, తర్వాతే ఎయిర్

డ్రమ్ ఎక్కించి, చక్రం చేత్తో తిప్పుతూ అడ్జస్టర్‌ని తిరగనంత వరకు బిగించండి. పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి షూలను మధ్యకి తెచ్చుకోండి, మళ్లీ బిగించండి. తర్వాత చక్రం సాఫీగా తిరిగేదాకా వెనక్కి వదలండి. అక్కడక్కడ సన్నగా రాసుకునే చప్పుడు వినిపిస్తే పర్వాలేదు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌ని ఇది అయ్యాకే ముట్టుకోవాలి. షూలు దూరంగా ఉండగా కేబుల్ బిగిస్తే హ్యాండ్‌బ్రేక్ బాగానే పట్టినట్టుంటుంది, అసలు తప్పు దాని వెనక దాక్కుంటుంది.

ఎయిర్ తీయడానికి ఇంకో మనిషి కావాలి. మాన్యువల్ వేరే వరస చెప్పకపోతే మాస్టర్ సిలిండర్‌కి బాగా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి.

1. నిపుల్‌కి పారదర్శకమైన ట్యూబు తొడిగి, రెండో చివర కొద్దిగా కొత్త ద్రవం పోసిన సీసాలో ముంచండి.
2. "తొక్కు" అనగానే పెడల్ మీద ఉన్న మనిషి మెల్లగా తొక్కి, అలాగే పట్టుకుని "తొక్కాను" అనాలి.
3. నిపుల్ అర చుట్టు తెరవండి. బుడగలు పోయాక మూసేయండి. మూశాకే "వదులు" అనాలి. ఈ మాటల వరస తప్పితే తీసిన గాలి మళ్లీ లోపలికే పోతుంది.
4. నాలుగైదు తొక్కులకోసారి రిజర్వాయర్ నింపండి. అది ఖాళీ అయిందా, మొదటికొస్తుంది.

మాస్టర్ సిలిండర్ మార్చకుండా పాతదే ఉంచితే పెడల్‌ని చివరిదాకా తొక్కనివ్వకండి, కింద చెక్క ముక్క పెట్టండి. ఏళ్లుగా కప్పు నడవని చోట తుప్పు ఉంటుంది, దాని మీదకి వెళ్తే కప్పు చిరుగుతుంది. బయటికొచ్చిన ద్రవం తేటగా ఉన్నా మళ్లీ పోయకండి.

పరీక్ష

ఇంజన్ ఆపి ఉండగానే పెడల్‌ని మీ శక్తంతా పెట్టి ఒక నిమిషం తొక్కి పట్టండి. తర్వాత ప్రతి జాయింట్ దగ్గర తెల్ల కాగితంతో తుడవండి, చెమ్మ ఉంటే కాగితం చెబుతుంది. వాక్యూమ్ బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో పెడల్ బలాన్ని పెంచేది) ఉన్న కారైతే ఇంజన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, తొక్కిపెట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందకి దిగాలి.

మొదటి పరీక్ష ట్రాఫిక్ లేని ఖాళీ స్థలంలో, నడక వేగంతో. హ్యాండ్‌బ్రేక్ లీవర్ మీద చేయి ఉంచండి. అంతా బాగుంటే షూలను డ్రమ్‌కి కుదురుకోనివ్వాలి. గంటకి 50 కిలోమీటర్ల వేగం నుంచి 20కి మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారే సమయమిస్తూ పదిసార్లు చేయండి. కొత్త లైనింగ్ మొదట మధ్యలోనే తగులుతుంది కాబట్టి ఈ దశలో బ్రేక్ కొంత బలహీనంగా అనిపిస్తుంది. వేడిగా ఉన్నప్పుడు బ్రేక్ తొక్కిపెట్టి నిలబడకండి. ఆగాక చెయ్యి తగలకుండా దగ్గరగా ఉంచి నాలుగు డ్రమ్ముల వేడి పోల్చండి. ఒకే యాక్సిల్ మీద ఒకటి కాలుతూ, ఇంకొకటి చల్లగా ఉంటే చల్లగా ఉన్నదాన్ని విప్పండి.

రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక షూలు కుదురుకుని పెడల్ మళ్లీ కొంచెం కిందకి దిగుతుంది. కంగారుపడి నిపుల్ జోలికి పోకండి, అడ్జస్టర్ ఒకటి రెండు నొక్కులు బిగించండి.